పందిరి మంచం లోపలి వైపు

మా మ్యూజియాల శాఖలో కొత్తగా చేరినవాళ్ళకు అప్పుడప్పుడూ తరగతులు పెట్టి, రిటైరైన మాలాంటివాళ్ళను పిలిచి మాట్లాడమంటారు. పిలిచినప్పుడల్లా వెళ్తాను. పాత కొయ్యకు చెద పట్టకుండా ఏం చేయాలో, పగిలిన చెక్కను ఎలా అతకాలో చెప్తాను. చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "సార్, మీకు బాగా గుర్తుండిపోయిన పని ఏది?" అని. ఏదో ఒక రథం సంగతో, ద్వారబంధం సంగతో చెప్పి తప్పించుకుంటాను. అసలు గుర్తుండిపోయిన పని వేరే ఉంది. పదిమంది ముందు నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. అందుకని మీ కోసం రాసి పెడుతున్నాను.

నేను పుట్టింది అత్తిలిలో. మా నాన్నగారు పురోహితులు. నలుగురు అన్నదమ్ముల్లో నేనొక్కణ్ణే ఉలి పట్టాను. డిప్లొమా చదివి, పాత కొయ్య సామాన్ల మరమ్మతు విభాగంలో చేరి, ఏలూరులో ఉంటూ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. తాతతండ్రుల నుంచి చేతికి వచ్చిన విద్య కాదు, పుస్తకం చూసి నేర్చుకున్నది. అందుకేనేమో, ఆ పుస్తకం మీద నాకు ఉండాల్సినదాని కంటే ఎక్కువ నమ్మకం ఉండేది.

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళు ఉందనగా కొల్లేరు అంచున ఉన్న ఒక పల్లె నుంచి మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. చేపల చెరువులు చేసుకునే రైతు రాశారు. వాళ్ళ ముత్తాత కట్టించిన మేడ గోడలు నాని కూలిపోయేలా ఉన్నాయి, మేడ తీసేస్తున్నాం, లోపల ఒక పెద్ద పందిరి మంచం ఉంది, కొత్త ఇంట్లో పట్టదు, మ్యూజియానికి ఇచ్చేస్తాం అని ఉత్తరం సారాంశం. వచ్చే వారం వస్తామని జవాబు పంపాం. రెండు రోజులు తిరక్కుండానే ఆయన ఫోన్ చేశారు.

"ఏవండీ, వచ్చే వారం అన్నారు గానీ, వచ్చే వారానికి మా ఊరికి రోడ్డుండదండీ. కామవరపుకోట వైపు ఒకటే వాన. ఆ నీళ్ళన్నీ దిగి కొల్లేరుకే కదండీ వచ్చేది. రేపొద్దున రాగలిగితే రండి. లేకపోతే ఆ మంచం మీదీ కాదు, మాదీ కాదు."

మర్నాడు తెల్లారేసరికి వ్యాన్‌లో బయల్దేరాం. నేను, డ్రైవరు, మా డ్రాయింగు విభాగంలో పనిచేసే సహోద్యోగిని. ఆవిడది వట్లూరు. నాకంటే పాతికేళ్ళు చిన్న. పాత వస్తువును విప్పే ముందు ప్రతి ముక్కకూ నంబరు పట్టీ కట్టి, ఏది ఎక్కడ కలుస్తుందో బొమ్మ గీసి పెట్టడం ఆవిడ పని. ఆ బొమ్మ లేకపోతే విప్పిన వస్తువు తిరిగి నిలబడదు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మేం వెళ్ళేసరికి మేడ ముందు వాకిట్లో పాదం మునిగేంత నీళ్ళున్నాయి. వీధి అరుగుకు అయిదు మెట్లు. మొదటి మెట్టు అప్పుడే తడుస్తోంది. రైతుగారు లుంగీ పైకి కట్టుకుని ఎదురొచ్చారు. యాభై అయిదేళ్ళుంటాయి. పక్క ఊరి నుంచి ఇద్దరు కూలీలను కూడా పిలిపించి ఉంచారు. గది తలుపు తీసి ఆయన పక్కకు జరిగారు.

ఇలాంటి మంచాలు నేను పదో పదిహేనో చూసి ఉంటాను. ఇలాంటిది మాత్రం చూడలేదు. ఇరుగుడు చెట్టు నల్లటి చేవతో చేసిన నాలుగు స్తంభాలు, ఒక్కొక్కటీ నా తొడంత లావు. పడుకునే బల్లలు నడుమెత్తున ఉన్నాయి. ఎక్కడానికి మూడు మెట్ల పీట వేరే ఉంది. పైన పందిరి, దాని నాలుగు అంచులకూ కిందికి వేలాడే చెక్క జాలరు. ముందు వైపు నడిమధ్యన ఒక కిరీటం. దానికి అటూ ఇటూ రెండు సింహాలు, వాటి వెనక తుపాకులు పట్టుకున్న ఇద్దరు బంట్రోతులు. ఆ సింహాలను చెక్కిన మనిషి సింహాన్ని చూసి ఉండడు. మొహాలు మన వీధి కుక్కల మొహాల్లాగే ఉన్నాయి. జూలు మాత్రం దొరసాని జుట్టులా దువ్వి ఉంది.

ఇలాంటి మంచం నిద్ర కోసం చేయించుకున్నది కాదు. పని మీద వచ్చిన కౌలు రైతు గుమ్మంలో నిలబడితే, గది తలుపు తెరిచి ఉంటే, అతనికి కనిపించడం కోసం చేయించుకున్నది. కిరీటం తెల్లవాళ్ళ దగ్గర అరువు. తుపాకులూ అరువే. 'నేను మీలాంటివాణ్ణి కాదు' అని నోటితో అనకుండా అనడానికి పనికొచ్చే సామాను అది. మెట్ల పీట ఎత్తు కూడా ఆ మాటే చెబుతుంది.

రైతుగారు మెల్లగా అన్నారు, "ఒక్క మనవండీ. మంచం ఎక్కకుండా విప్పగలిగితే విప్పండి. మా ఇంట్లో పెద్దకొడుకూ కోడలూ తప్ప ఎవరూ దాని మీద కాలు పెట్టలేదు. నేను రెండోవాణ్ణి. చిన్నప్పుడు ఒకసారి ఎక్కబోతే మా నాన్న చెయ్యి చేసుకున్నారు. మా అన్నయ్య పోయాక అసలు ఎవరూ పడుకోలేదు."

"అవసరం రాదులెండి," అన్నాను. నిచ్చెనలున్నాయి, టార్చిలున్నాయి. మంచం ఎక్కాల్సిన పనేముంది అనుకున్నాను.

రెండున్నర గంటలు వెతికాం. ఈ మంచాల్లో ఇనప మేకులుండవు. స్తంభం తల పందిరి చట్రంలోకి దిగుతుంది. దాన్ని కదలకుండా ఒక కొయ్య చీల బిగించి ఉంచుతుంది. చీలలు బయటికి కొడితే పందిరి మూత లేచినట్టు లేస్తుంది. సాధారణంగా చీల తల బయటి వైపు ఎక్కడో పువ్వు కింద దాగి ఉంటుంది. ఇక్కడ నాలుగు మూలలా ప్రతి పువ్వునూ నొక్కి చూశాను, గోటితో గీకి చూశాను. ఏమీ లేదు. పక్కనుంచి నిచ్చెన వేసి, జాలరు కిందుగా తల దూర్చి, టార్చి వేసి పందిరి లోపలి వైపు చూశాను. పువ్వులు, ఆకులు, పిట్టలు. అంతా ఒక్క చదునుగా కనిపించింది. చీల జాడ లేదు.

ఈలోగా కూలీల్లో ఒకతను బయటికి వెళ్ళొచ్చి, రెండో మెట్టు కూడా తడిసిందని చెప్పాడు. మా పై అధికారి ఏలూరు నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. మంచం రాబోతోందని ఆయన అప్పటికే పైవాళ్ళకు చెప్పేశారు.

"గూడెంలో ఒక మేస్త్రి ఉన్నాడండీ," అన్నారు రైతుగారు. "తాడేపల్లిగూడెంలో. ఈ మంచం చేసినాయన మనవడు. ఆయనకి తెలిసుండొచ్చు."

"ఏం చేస్తుంటారు?" అని అడిగాను.

"సోఫాలవీ చేసేవాడండీ. ఇప్పుడు పెద్దవాడైపోయాడు."

సోఫాలు చేసేవాడు నాకేం చెబుతాడనుకున్నాను. పైకి అనలేదు గానీ నా మొహంలో కనిపించే ఉంటుంది. మా సహోద్యోగిని నా దగ్గరకు వచ్చింది.

"సార్, ఒక్కసారి ఫోన్ చేయిద్దామండీ. అయిదు నిమిషాలే కదండీ."

"ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందమ్మా. అప్పటికి ఈ గదిలోకి నీళ్ళొస్తాయి."

"రాకపోయినా, అడుగుదామండీ. మీకు దణ్ణం పెడతాను, కొయ్య కొయ్యొద్దండీ సార్. ఒక్కసారి కోశాక మళ్ళీ ఏం చేయలేం."

అప్పటికే నేను రంపం తీశాను. నా లెక్క ఇది. తలాపు వైపు ఎడమ స్తంభాన్ని మెడ దగ్గర, నగిషీ లేని సన్నని చోట కోస్తాను. ఆ మూల వదులవుతుంది. మిగతా మూడూ కదిలించి లాగుతాను. కోసిన చోట తర్వాత ఇరుగుడు చెక్కే వేసి అతికి, రంగు కలిపితే ఎవరికీ తెలీదు. ఇంతకుముందు రెండు చోట్ల అలా చేశాను కూడా. కింద వెదురు ఊతం ఒకటి పెట్టించాను. పందిరి బరువుకు నేను మనసులో వేసుకున్న అంచనా తప్పని అప్పటికి నాకు తెలీదు.

ఆవిడ నా మాట కాదనలేక తన పని మొదలుపెట్టింది. నేను కోస్తున్న మూలకు ఎదురు మూల, పాదాల వైపు కుడి స్తంభం దగ్గర, నిచ్చెనెక్కి నంబరు పట్టీ కడుతోంది. ఏళ్ళ తరబడి తేమకు చట్రం కాస్త వంగి, స్తంభానికీ చట్రానికీ మధ్య వేలు పట్టేంత సందు ఏర్పడింది. దారం చుట్టి తీయడానికి ఆ సందులోకి కుడిచేతి వేళ్ళు పెట్టింది. ఆవిడ దిగేదాకా నేను ఆగాలి. స్తంభం తెగడానికి ఇంక నూలుపోగంత మందమే మిగిలింది. ఆగలేదు.

టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది. వెదురు ఊతం పక్కకు జారింది. నా వైపు చట్రం జానెడు కిందికి కుంగింది. మొత్తం పందిరి ఒక పక్కకు మెలి తిరిగి, ఎదురు మూలనున్న సందు మూసుకుపోయింది.

ఆవిడ అరవలేదు. "సార్," అంది, మామూలుగా పిలిచినట్టే. నేను తిరిగి చూసేసరికి మొహం పాలిపోయి ఉంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ చట్రం లోపల ఉన్నాయి. స్తంభం మీద నుంచి సన్నగా రక్తం కారుతోంది.

కూలీలిద్దరూ, డ్రైవరూ, నేనూ కలిసి కుంగిన వైపు ఎత్తబోయాం. అప్పుడు అరిచింది. కోసిన స్తంభం ముక్క అడ్డం పడి, మేం ఎత్తేకొద్దీ ఆవిడ వైపు ఇంకా బిగుస్తోంది. వదిలేశాం. వదిలేస్తే పందిరి పలకల్లో ఎక్కడో పగులుతున్న శబ్దం. ఇంకో స్తంభం కోస్తే మొత్తం ఆవిడ మీదే పడుతుంది. ఆ మూలనే కోద్దామంటే, రంపం వెళ్ళే దారిలో వేళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు ఏమీ తోచకుండా పోయిన క్షణం అది. డ్రైవరు నిచ్చెనెక్కి ఆవిడ నడుం చుట్టూ చేయి వేసి పట్టుకున్నాడు. కాలు జారితే చేతి మీదే వేలాడుతుంది.

రైతుగారు అప్పటికే ఫోన్ తీసుకుని అరుగు మీదకు పరుగెత్తారు. గదిలో సిగ్నల్ నిలవదు. ఆయన అక్కణ్ణుంచి అడగడం, విన్నది మాకు గట్టిగా చెప్పడం.

"మేస్త్రీ, పందిరి ఒరిగిపోయింది. ఒకావిడ చెయ్యి ఇరుక్కుపోయింది. చీలలెక్కడున్నాయి?" జవాబు విని ఆయన గుమ్మంలోంచి అడిగారు, "పడుకుని చూశారా అని అడుగుతున్నాడండీ."

"ఏమిటి?"

"మంచం మీద పడుకుని చూశారా అంటున్నాడు. నిలబడి చూస్తే కనపడవంట. టార్చి ఆర్పేయమంటున్నాడు. కిటికీ తలుపులు బార్లా తీసి, తలాపు వైపు తల పెట్టి పడుకోమంటున్నాడు."

గదిలో అందరం ఆయన వైపు చూశాం. ఆయన ఒక్క క్షణం మంచం వైపు చూశారు. ఆ ఒక్క క్షణం చాలా పెద్దదిగా అనిపించింది. "ఎక్కండి," అన్నారు. "నేను చెప్తున్నాను కదండీ, ఎక్కండి."

నేను మెట్ల పీట కూడా చూసుకోలేదు. బురద కాళ్ళతోనే ఎక్కి వెల్లకిలా పడుకున్నాను. పైన ఒరిగిన పందిరి. అది కూలితే ముందు నా ఛాతీ మీదే. కూలీ ఒకతను కిటికీ రెక్కలు తోశాడు. వాన వెలుతురు పక్కనుంచి సన్నగా పందిరి లోపలికి పడింది.

అప్పుడు కనిపించింది. టార్చి ఎదురుగా పడినప్పుడు చదునుగా ఉన్న చెక్కడమంతా లేచి నిలబడింది. అక్కడ కిరీటాల్లేవు, సింహాల్లేవు. కొల్లేరు ఉంది. తామరాకులు, వాటి మధ్య గూడబాతులు, తాటి దోనెలో వల విసురుతున్న మనిషి, మోకాటి లోతు నీళ్ళలో బుట్ట ఎత్తుకున్న ఆడమనిషి. చుట్టూరా అంచున వరసగా చేపలు. ఆ మనిషికి గూడబాతు ఎలా ఉంటుందో తెలుసు. మెడ కింద తిత్తి ఎలా వేలాడుతుందో తెలుసు.

"చేపలున్నాయా అంటున్నాడండీ," రైతుగారి గొంతు. "మూలకొక చేప కింద నీడ ఉంటుందంట. మిగతా చేపలకి నీడ ఉండదంట. ఆ నీడ ఉన్న చేప తోక పట్టి లోపలికి, మధ్యకి లాగాలంట."

పాదాల వైపు కుడి మూల చూశాను. చేపలన్నీ చట్రానికి అంటుకుని ఉన్నాయి. ఒక్క చేప కింద మాత్రం వెంట్రుకంత నల్లటి గీత. పాకుతూ వెళ్ళి తోకకు ఉలి ఆనించి కొయ్య సుత్తితో కొట్టాను. కదల్లేదు. ప్రతి దెబ్బకూ చట్రం అదిరి ఆవిడ చేతికి తగులుతోందని నాకు తెలుసు. "కొట్టండి సార్," అంది పైనుంచి. నాలుగో దెబ్బకు చేప పావంగుళం జరిగింది. ఆరో దెబ్బకు బొటనవేలంత పొడుగు చీల ఊడి నా మెడ మీద పడింది. చట్రం ఆ మూల ఊపిరి వదిలినట్టు సడలింది. డ్రైవరు ఆవిడను కిందికి దించాడు.

రెండు వేళ్ళూ నలిగిపోయాయి. రైతుగారి భార్య పాత చీర చింపి కట్టు కట్టారు. వ్యాను గేటు దగ్గర నీళ్ళలో కదల్లేదు. ట్రాక్టరు మీద గట్టు దాకా, అక్కణ్ణుంచి కారులో ఏలూరు ఆస్పత్రికి. రైతుగారి భార్యా, మా డ్రైవరూ వెంట బయల్దేరారు. నేనూ ట్రాక్టరు ఎక్కబోయాను.

"మీరు ఉండండి సార్," అంది. "ఇప్పుడు వదిలేసి వస్తే నా వేళ్ళు ఊరికే పోయినట్టవుతుంది."

నేను ఆగిపోయాను. ఆవిడ ఉండమంది కాబట్టి ఉన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ మంచాన్ని వదల్లేక ఉన్నానా, ఆస్పత్రిలో ఆవిడ పక్కన కూర్చోడానికి భయపడి ఉన్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. వెళ్ళాల్సింది.

ట్రాక్టరు వెళ్ళాక రైతుగారు గుమ్మంలో కూలబడ్డారు. కాసేపటికి అడిగారు, "పైన ఏముందండీ?"

"కొల్లేరు ఉందండీ," అన్నాను.

ఆయన తల ఎత్తి పందిరి వైపు చూశారు.

మధ్యాహ్నానికి, ఎవరూ రమ్మనకుండానే, గూడెం నుంచి ఆ మేస్త్రి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. గట్టు దాకా ఆటోలో, అక్కణ్ణుంచి మా వాళ్ళను దింపి తిరిగొస్తున్న ట్రాక్టరు మీద. చేతిలో గుడ్డ సంచి, అందులో నాలుగు ఉలులు. చెప్పులు అరుగు మీద విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముందు నేను కోసిన స్తంభాన్ని చూశాడు. దాని గురించి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ అమ్మాయి ఎలా ఉందండీ?" అని అడిగాడు. ఆస్పత్రికి చేరిందని చెప్పాం. తల ఊపాడు.

నీళ్ళు మూడో మెట్టు దాటాయి. ఇంకా మూడు చీలలు తీయాలి, పలకలు విప్పాలి, అన్నీ ట్రాక్టరు మీదకు చేర్చాలి. పని చేస్తూనే, ముక్కలు ముక్కలుగా అతను చెప్పాడు.

"పందిరి లోపల చెక్కేటప్పుడు పడుకుని చూసుకోవాలండీ, వెలుతురు ఎలా పడుతుందో. మా తాత అడిగాడంట, ఒక్క పూట మంచం మీద పడుకోనివ్వండి బాబూ అని. పెద్దయ్యగారు ఒప్పుకోలేదంట. బల్లలు తీసేయించి, కింద నేల మీద పడుకుని చూసుకోమన్నారంట. నెల రోజులు ఈ గది నేల మీద పడుకుని, లేచి, నిచ్చెనెక్కి చెక్కి, మళ్ళీ పడుకుని చూసి. అలా చేశాడంట."

రైతుగారు నేల వైపు చూశారు.

"అందుకే చీలలు అక్కడ పెట్టాడండీ. ఏదో ఒకనాటికి దీన్ని విప్పాల్సి వస్తుంది, విప్పేవాడు వడ్రంగే అయ్యుంటాడు, వాడు పడుకోక తప్పదు అనేవాడంట. మా నాన్న నాకు చెప్పాడు. నాకు చూసే పని పడలేదు."

"మాకు ఎవరూ చెప్పలేదండీ," అన్నారు రైతుగారు.

"మీకెందుకు చెప్తారండీ," అన్నాడు మేస్త్రి. కోపంగా కాదు. నిజం చెప్పినట్టే.

మిగిలిన మూడు చీలల జాడ నాకు ఇప్పుడు తెలుసు. నేనే తీయగలను. అయినా ఉలి కింద పెట్టి పక్కకు జరిగాను. రైతుగారు మెట్ల పీట తెచ్చి మంచం పక్కన వేశారు. "మేస్త్రి గారూ, ఎక్కండి," అన్నారు. పొద్దున ఫోన్‌లో ఆయన పిలిచిన పిలుపు నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తుండే ఉంటుంది.

"నాకు నడుం నెప్పండీ," అన్నాడతను. "పడుకుంటే లేవలేను."

"మేం లేపుతాం."

పీట రెండు మెట్లెక్కి కాసేపు ఆగి, మూడోది ఎక్కి, మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు. మొదటి చీల చోటు చూపించాడు, రెండోది, మూడోది. వేలితో చూపించిన చోటల్లా నేను సుద్దతో గుర్తు పెట్టాను. ఆ తర్వాత కూడా అతను లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బయట కూలీ ఒకతను నాలుగో మెట్టు అని కేక వేశాడు. పలకలు పగిలి ఉన్నాయి, ఏ క్షణాన ఏది ఊడుతుందో తెలీదు, గది గోడ ఒకటి అడుగు నుంచి నీరు పీలుస్తోంది. అయినా మేమెవరమూ లేవమనలేదు. ఎంతసేపో చెప్పలేను. అతనే చివరికి, "ఇంక లేపండి బాబూ," అన్నాడు. ఇద్దరం చెరో చేయి పట్టి లేపాం.

చీకటి పడకముందే మంచం ట్రాక్టరు మీదుంది. లోపలి పలకల్లో రెండు నిలువునా చీలాయి, జాలరు ఒక వైపు విరిగింది. మిగతాదంతా దక్కింది. మేం గట్టు ఎక్కేసరికి నీళ్ళు అరుగు మీదకు వచ్చేశాయి. వారం తర్వాత ఆ మేడ దానంతటదే కూలిందని రైతుగారు ఫోన్ చేసి చెప్పారు.

ఆస్పత్రికి ఆ రాత్రే వెళ్ళాను. ఉంగరపు వేలు నిలబడింది. చిటికెన వేలు రెండు కణుపులు తీసేశారు. ఆవిడ మత్తులో ఉంది. వాళ్ళాయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. హైస్కూల్లో టీచరు. నేనెవరో చెప్పాను. ఎలా జరిగిందో చెప్పాను. ఆయన విని, "కాఫీ తాగుతారాండీ?" అని అడిగారు. మన వైపు మర్యాద ఎంత కఠినంగా ఉంటుందో నాకు ఆ పూట తెలిసింది.

తర్వాత రిపోర్టు రాయాలి. పై అధికారి పిలిచి మెత్తగా చెప్పారు, "వరద తేమకి అతుకులు వదిలి పందిరి కుంగిందని రాయండి. అందరికీ బాగుంటుంది. ఆవిడకి రావాల్సినవి ఎటూ వస్తాయి. మీకా, ఇంకా రెండేళ్ళే ఉంది." ఆయన చెడ్డమనిషి కాదు. నా మంచికే చెప్పారు. రెండు రోజులు ఆ మాటే నములుతూ కూర్చున్నాను. అలా రాసి సంతకం పెడితే స్తంభం మీద రంపపు కోతను కూడా రంగు వేసి దాచాలి. మూడో రోజు ఉన్నది ఉన్నట్టు రాశాను. చిత్తు కాపీ బల్ల సొరుగులో పెట్టుకుని ఆవిడ కోసం ఎదురు చూశాను. ప్రత్యక్ష సాక్షిగా ఆవిడ సంతకం కావాలి.

ఆ రిపోర్టు చివరికి పైకి వెళ్ళాక ఏమైందంటే, విచారణ జరిగింది, నన్ను మరమ్మతు పని నుంచి తప్పించి రిజిస్టర్లు చూసే సీట్లో కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచే రిటైరయ్యాను. స్తంభాన్ని వేరేవాళ్ళు అతికారు. కోత కనపడకుండా చేయొద్దని నేను అడిగాను. లేత రంగు టేకు ముక్క వేశారు. ఇప్పుడు చూసినా ఆ ముక్క తెలుస్తుంది. మంచం చుట్టూ తాడు కట్టి ఉంటుంది, తాకరాదు అన్న బోర్డు ఉంటుంది. వచ్చినవాళ్ళు కిరీటాన్నీ సింహాలనూ చూసి, ఫొటో తీసుకుని, 'జమీందార్ల మంచం' అనుకుంటూ వెళ్ళిపోతారు. లోపలి వైపు చూపించడానికి బల్లల మీద ఒక అద్దం పరుద్దామని రెండుసార్లు ఉత్తరం రాశాను. పరిశీలనలో ఉందన్నారు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆవిడ నాలుగు నెలలకు డ్యూటీలో చేరింది. కాగితం మీద చిటికెన వేలు ఆనించకుండా గీయడం అప్పటికే అలవాటు చేసుకుంది. చేరిన రోజు మధ్యాహ్నం నా సీటు దగ్గరకు వచ్చింది. సొరుగులోంచి చిత్తు కాపీ తీసి ఇచ్చాను. నిలబడే చదివింది. మూడు పేజీలు. మొదటి రెంటిలో ఎక్కడా ఆగలేదు. చివరి పేజీలో ఒక చోట ఆగింది. 'స్తంభాన్ని కోయవద్దని సహోద్యోగిని సూచించినప్పటికీ నేను వినలేదు' అని నేను రాసిన వాక్యం అది.

"ఇది సరిగ్గా లేదండీ సార్," అంది.

"ఏది?"

"నేను సూచించలేదండీ. బతిమాలాను."

పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, ఆవిడ చెప్పిన మాట పైన రాశాను. ఆవిడ ఆ కాగితం తన వైపు తిప్పుకుని మరోసారి చదివి, కింద సంతకం పెట్టింది.